విద్యార్థి భ్రాతృగృహము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

విశ్రాంతిగొన్న పాఠశాల పండితుని బిలిచి ఇంతటి సభలో నిలువబెట్టిన మీ యాదరమునకు కృతజ్ఞుడను. ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దములును సంధులును చెప్పినవాడనేకాని, కట్టడముల లెక్కలు, చందాల లెక్కలు నాకు దెలియవు. అయినను మన సంఘమువారు గోదావరిఖనియందు విద్యార్థి వసతిగృహమొకటి నిర్మింపవలెనని తీర్మానించియున్నందున, ఇట్టి పనిని ఇతర జాతులవారును మన ముందటివారును ఎట్లు చేసిరో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. ఆయన నా శిష్యుడు. శిష్యుడు పని చెప్పగా గురువు కాదనలేని కాలమిది, కావున వచ్చితిని.

మన రామగుండము ప్రాంతమునకు ఒక విశేషము గలదు. ఇచటి బస్తీలు తాతముత్తాతలనాటివి కావు. సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడినను, దాని బావులు తొలుత ఇల్లందు, కొత్తగూడెము, బెల్లంపల్లి వైపులనే యుండెను. గోదావరి యొడ్డున బొగ్గు త్రవ్వుట 1960ల దశాబ్దిలో సాగినది. పిమ్మట 1978లో విద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన జరిగెను; ఎరువుల కర్మాగారము వచ్చెను, 1999లో మూతపడెను, మరల 2021లో తెఱవబడెను. వీనిని నమ్ముకొని నలుదిక్కులనుండి జనులు వచ్చి చేరిరి. నా తండ్రిగారును అట్లు వచ్చినవారే. ఆయన కోల్ ఫిల్లరు. తట్టతో బొగ్గెత్తి టబ్బు నింపువాడు. టబ్బులను బట్టి కూలి గనుక జట్టులోని వారందఱు ఒక చేయిగా పనిచేయవలెను. “బాయిల దీపం నెత్తిమీద ఉంటది బిడ్డా, ఎదుటోని మొగమే సక్కగ కనబడది, కులమేం కనబడతది” అని ఆయన చెప్పుచుండెడివారు. బావిలోనుండి పైకి వచ్చినపిమ్మట మాత్రము అందఱికిని అన్నియు కనబడుచుండెను. క్వార్టరుల వరుసలలో అన్ని కులములవారును గోడకు గోడ ఆనుకొని కాపురముండిరి; పెండ్లి పంక్తులు మాత్రము వేఱువేఱుగనే సాగెను.

ఈ బావులయొద్ద పుట్టిన పిల్లలు చదువుకొఱకు ఊరు విడువక తప్పలేదు. నేడు మంథని దారిలో సెంటినరీ కాలనీయందు ఇంజనీరింగు కళాశాల గలదు, కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము 2008 నుండి గలదు. నా కాలమున పెద్దచదువు చదువదలచినవాడు పెట్టె పట్టుకొని కాజీపేట మీదుగా పోవు బండి యెక్కవలసినదే. 1978లో నేనును ఎక్కితిని. హైదరాబాదున సంస్కృతము చదువుటకు సీటు దొరకినది. ఉండుటకు గది దొరకలేదు.

ఒక వీధిలో నాలుగిండ్లు తిరిగితిని. మొదటి యింటి యజమానురాలు నేను సంస్కృతము చదువుటకు వచ్చితినని విని మిక్కిలి సంతోషించి, అరుగుమీద కూర్చుండబెట్టి మంచినీళ్ళిచ్చెను. “మీరెవరు బాబూ?” అని యడిగెను. పేరు చెప్పితిని, ఊరు చెప్పితిని, తండ్రిపేరు చెప్పితిని. “అది గాదు, మీరెవరు?” అనెను. అప్పుడు చెప్పితిని. గది నిన్ననే వేఱొకరికి మాటయిచ్చితిమని చెప్పి లోనికి పోవుచు, గ్లాసును గోడప్రక్కన బెట్టిపొమ్మనెను. తక్కిన మూడిండ్లలో నీళ్ళైనను అడుగలేదు. రెండు రాత్రులు నాంపల్లి స్టేషనులో పెట్టె తలక్రింద బెట్టుకొని పరుండితిని. మూడవనాడు ఎవరో దయాళువు నన్ను ఒక కులసంఘమువారి వసతిగృహమునకు దోడ్కొనిపోయెను. అచట మంచములన్నియు నిండియుండెను. పై తరగతి విద్యార్థియొకడు తన మంచమున సగము నాకిచ్చెను. నాలుగు నెలలు ఒక మంచమున ఇద్దరము పరుండితిమి. ఆయన నాకు అన్న కాడు, చుట్టము కాడు. అయినను ఈనాటికిని ఉత్తరము వ్రాయునపుడు అన్నగారికి నమస్కారములనియే వ్రాయుదును.

ఇట్టి యన్నదమ్ముల సంబంధమునే అమెరికా కళాశాలలలో ‘ఫ్రాటర్నిటీ’ యందురు. ఆ మాట లాటిన్ భాషలోని ‘ఫ్రాటర్’ శబ్దమునుండి వచ్చినది. మన ‘భ్రాతృ’ శబ్దమును అదియు ఒక తల్లిబిడ్డలు. గ్రీకు అక్షరములు రెండుమూడు పేరుగా బెట్టుకొని, ఒక యింట నివసించి, ఒక బల్లయొద్ద భుజించి, చదువు ముగిసినపిమ్మటను ఒకరినొకరు విడువని విద్యార్థి సంఘములవి. 1776లో వర్జీనియాయందలి విలియమ్ అండ్ మేరీ కళాశాలలో పుట్టిన ఫై బీటా కప్పా వానిలో మొదటిది. తరువాత అవి దేశమంతట వ్యాపించెను. వానిలో చేరినవాడు పెద్దవారి బిడ్డలతో కలసి తిరుగును. రేపు ఉద్యోగము, వ్యాపారము ఆ పరిచయములనుండియే వచ్చును. అందులో పెక్కింటికి ఒక కట్టుబాటుండెను: క్రైస్తవులు గానివారికి ప్రవేశము లేదు.

ఆ కట్టుబాటు ఎక్కువగా తగిలినది యూదుల బిడ్డలకు. 1881 మొదలు 1914 వఱకు రష్యా మొదలగు దేశములనుండి సుమారు ఇరువదిలక్షల యూదులు హింసకును దారిద్ర్యమునకును తాళలేక అమెరికా చేరిరి. కుట్టుపని చేయువారు, తోపుడుబండ్లవారు వారిలో మెండు. అయినను బిడ్డలను మాత్రము చదివించిరి. న్యూయార్కులోని సిటీ కళాశాలయందు జీతము లేకుండుటచే ఆ బిడ్డలు అచటికి వెల్లువగా వచ్చిరి. తరగతిగదిలో ప్రక్కప్రక్కన కూర్చుండనిచ్చిరి. సాయంకాలము తలుపు మూసిరి. నేను విన్న ‘మీరెవరు’ అను ప్రశ్నయే అది.

1898లో రిచర్డ్ గాథీల్ అను కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు న్యూయార్కులోని యూద విద్యార్థులను గొందఱిని చేరదీసి ఒక సంఘము స్థాపించెను. యెషయా గ్రంథములోని యొక హీబ్రూ వాక్యముయొక్క మొదటి యక్షరములనుండి దానికి పేరు కుదిరినది. కొన్నియేండ్లకు ఆ యక్షరములే జీటా బీటా టౌ అను గ్రీకు పేరుగా మాఱెను. 1909లో సిటీ కళాశాలయందు సిగ్మా ఆల్ఫా మ్యూ పుట్టినది. అదే సంవత్సరమున బర్నార్డ్ మహిళాకళాశాలలో ఏడుగురు కన్యలు ఆల్ఫా ఎప్సిలాన్ ఫై యను సోదరీసంఘమును స్థాపించిరి. ఈ సంగతి మన మహిళాసభ్యులు గుర్తుంచుకొనవలెను, మరల దీనికి వచ్చెదను.

అన్నింటిలో నాకు నచ్చినది 1913 నాటి కథ. న్యూయార్కు విశ్వవిద్యాలయమున చార్లెస్ మాస్కోవిట్జ్ అను యూద విద్యార్థిని ఒక ఫ్రాటర్నిటీవారు తమలో చేరుమని పిలిచిరట. ‘నా స్నేహితులను గూడ చేర్చుకొందురా?’ అని అతడడిగెను. పిలుపు నీ యొక్కనికే యని వారనిరి. అతడు పోలేదు. తాను, మఱి పదిమంది, మొత్తము పదునొకండుగురు కలసి ఆల్ఫా ఎప్సిలాన్ పై యను సంఘమును స్థాపించుకొనిరి. ఆ సంఘమువారు నేటికిని ఈ కథను కొత్తవారికి చెప్పుదురు. తలుపు తనకు తెఱచుకొన్నప్పుడు వెనుకనున్నవారిని గూర్చి యడిగినవాడు అరుదు. మనలో ఎవరమైనను పెద్ద యుద్యోగమునకు బోయినప్పుడు అడిగితిమా యని నేను ఈ సభను ప్రశ్నింపను. నన్ను నేనే ప్రశ్నించుకొందును.

ఈ సంఘములవారు ఇల్లు కొని ఊరకుండలేదు. ఇల్లు నడుపుట విద్యార్థులదే. అధ్యక్షుని, కోశాధికారిని వారే యెన్నుకొందురు. బియ్యపు లెక్క యనుడు, రొట్టెల లెక్క యనుడు, వారే వ్రాయుదురు. కొత్తగా వచ్చినవానికి పై తరగతివాడొకడు ‘పెద్దన్న’గా నియమింపబడును. శుక్రవారము సూర్యాస్తమయముతో యూదుల విశ్రాంతిదినము ప్రారంభమగును గనుక ఆ రాత్రి కలసి భుజించుట వాడుక. మతకర్మలయందు శ్రద్ధలేని బాలుడుకూడ ఆ భోజనమునకు వచ్చి కూర్చుండును. చదువు ముగించి పోయినవారు చందా పంపుదురు, తీరిక దొరకినపుడు స్వయముగా వత్తురు. 1922లో హార్వర్డు విశ్వవిద్యాలయాధ్యక్షుడు లోవెల్ యూద విద్యార్థుల సంఖ్యకు ఒక మేర పెట్టవలెనని ప్రతిపాదించెను. ఇంకను పలుచోట్ల తలుపులు ఇఱుకైనవి. అట్టి కాలమున పరాయి ఊరిలో ఒంటరిగా చదువు బాలునికి ఆ యిల్లెంత బలమో వేఱుగ చెప్పనక్కరలేదు.

దోషములును చెప్పవలెను. కొత్తవారిని ఏడిపించు దురాచారము, మద్యపానము అమెరికా ఫ్రాటర్నిటీలన్నిటిని అంటిన మచ్చలు. మన రాష్ట్రమునను ర్యాగింగును నిషేధించుటకు 1997లో చట్టము చేయవలసివచ్చెను గదా! ఇంతకంటె నాకు పెద్దగా తోచిన దోషము వేఱొకటి. క్రైస్తవులు తమను వెలివేసిరని ఇండ్లు కట్టుకొన్న యూదులు, ఆ యిండ్లలో తమలో తాము తారతమ్యములు పెట్టుకొనిరి. ముందుగా వచ్చి ధనికులైన జర్మను యూదుల కుటుంబములవారి సంఘములు కొన్ని, వెనుక వచ్చిన రష్యా యూదుల పేదబిడ్డలవి కొన్ని. ఎన్నికలో నెగ్గనివాడు, తాను యూదుడైయుండియు, బయటనే నిలిచెను. ఆ బయటనున్నవారిని గూడ చూచి కాబోలు, 1923లో బెంజమిన్ ఫ్రాంకెల్ అను మతగురువు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున హిల్లెల్ అను సంస్థను ప్రారంభించెను. అందు ఎన్నిక లేదు. యూద విద్యార్థి యెవడైనను రావచ్చును. ఇక జీటా బీటా టౌ వారు 1954లో తమ నియమావళిని సవరించి, మతభేదము లేక ఎవరినైనను చేర్చుకొనుటకు ఒప్పుకొనిరి. ఐదున్నర దశాబ్దములు పట్టినది.

యూదులనగా మనకు దూరమని తలపవలదు. గుంటూరుజిల్లాలో చేబ్రోలుకు దగ్గఱనున్న కొత్తరెడ్డిపాలెమున, తాము ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొనుచు యూదమతము నవలంబించిన తెలుగు కుటుంబములు గలవు. దళితులైన ఆ పేదకుటుంబములు తమకొక ప్రార్థనామందిరమును కట్టుకొని హీబ్రూ నేర్చుకొనుచున్నారు.

ఇక మన హైదరాబాదు. 1918వ సంవత్సరమున అచట రెండు పనులు జరిగినవి. ఉర్దూమాధ్యమముతో ఉస్మానియా విశ్వవిద్యాలయము తెఱవబడెను. జిల్లాలనుండి వచ్చు తెలుగు బాలురకు నిలువ నీడ యుండవలెనని రెడ్డి వసతిగృహము వెలసెను. దాని స్థాపనకు మూలపురుషులు రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారు. వారు తరువాత హైదరాబాదు నగర కొత్వాలుగా ప్రసిద్ధులైరి. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ గృహనిర్వహణభారమును వహించిరి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించినది, 1930లో జోగిపేటయందు మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించినది ఆయనయే. 1921లో వివేకవర్ధినియందు జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాట్లాడబోగా గేలిచేసి కూర్చుండబెట్టిన కాలమది. అట్టి నగరమున తెలుగు బాలుడు తెలుగున చదువుకొని, తెలుగున వాదించి, తెలుగన్నము తిను చోటు ఆ వసతిగృహము. రావి నారాయణరెడ్డిగారు విద్యార్థిదశలో అచట నివసించినవారే. వారు 1952లో నల్లగొండనుండి తొలి లోక్‌సభకు ఎన్నికైరి. కులముపేర కట్టిన యింటినుండి కులమునకే పరిమితము గాని మనుష్యులు వెలువడిరన్న సంగతి గమనింపదగినది.

పిమ్మట ఇతర కులములవారును మేల్కొనిరి. మున్నూరుకాపు, పద్మశాలి, గౌడ, వైశ్య మొదలగు పేర్లతో వసతిగృహములు నగరమున లేచినవి. కాచిగూడ, నారాయణగూడ, హిమాయతునగరము వైపు పోయినవారికి ఆ బోర్డులు కనబడును. ఎవరికిని చెందనివారిగా చూడబడినవారికి మాత్రము అట్టి యిండ్లు చాలకాలము దొరకలేదు. ఆదిహిందువుల బిడ్డలకై భాగ్యరెడ్డివర్మగారు పాఠశాలలు నడుపవలసివచ్చెను. కాకినాడలో రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు పిఠాపురము రాజావారి సాయమున హరిజన విద్యార్థులకు వసతి కల్పించిరి.

ఇప్పుడు కొందఱడుగవచ్చును: ప్రభుత్వ గురుకులములు ఊరూర నుండగా, రాజధానిలో కులసంఘములకు ఆత్మగౌరవ భవనములకు స్థలములిచ్చియుండగా, మనమేల కట్టవలెను? గురుకులమునుండి వెడలిన బాలుడు ఉద్యోగపరీక్షలకు చదువుకొను రెండుమూడేండ్లు ఎచటనుండును? గది యద్దెకడిగిన ‘మీరెవరు’ అను ప్రశ్న నేటికిని వినబడుచున్నది. ఇప్పుడు కొంచెము మెత్తగా, ‘మాంసము తిందురా?’ అని యడుగుదురు. అందుచేత కట్టవలెననియే నా యభిప్రాయము. ఎవరికి కట్టవలెనన్నచోటనే నాకు మీతో పని గలదు.

నా తప్పొకటి చెప్పవలెను. 1996లో నేను ఒక జిల్లా పట్టణమున వసతిగృహమొకదాని ప్రవేశసంఘములో సభ్యుడను. ఒకనాడు పదునాఱేండ్ల బాలుడు తండ్రితో వచ్చెను. ఆ తండ్రి, నా తండ్రిగారితో ఒక జట్టులో ఇరువదియేండ్లు బొగ్గు నింపినవాడు. కులము వేఱు. మా వసతిగృహమున ఆ యేడు రెండు గదులు ఖాళీగా నుండెను. నేను నియమావళి తీసి, ‘మన కులమునకు చెందిన విద్యార్థులకు మాత్రమే’ యను వాక్యమును బిగ్గరగా చదివితిని. చదువుట యెందులకు? నాలుగు మెతుకులు లేవని కాదు, స్థలము లేదని కాదు. నియమము వ్రాసినవారు ఎదుట కూర్చుండియుండిరి, వారియెదుట మంచివాడనిపించుకొనవలెనని. ఆయన “మంచిది సారూ” అని కుమారుని పెట్టెను తానే యెత్తుకొని మెట్లు దిగెను. నాకు గ్లాసును గోడప్రక్కన బెట్టిన దినము గుర్తు రాలేదు. గుర్తు వచ్చియుండిన ఈ మాట మీకు చెప్పవలసియుండెడిది కాదు.

ఆ బాలుడు తరువాతి యేడు చదువు మాని గల్ఫునకు బోయెనని వింటిని. నా నిరాకరణమువలననే యని చెప్పలేను, కాదనియు చెప్పలేను. కొన్నియేండ్లకు నా తండ్రిగారు గతించినపుడు పాడె మోసినవారిలో ఆ తండ్రియు నొకడు. ఆనాడైనను ఆయనతో నేనేమియు అనలేకపోతిని.

సంస్కృతమున ఒకే గురువునొద్ద చదివినవారిని సతీర్థ్యులందురు. గురువుకడ నివసించువాడు అంతేవాసి. కలసి భుజించుటకు ‘సగ్ధి’ యను చిన్న మాట గలదు; అమరము వల్లెవేసినవారికి జ్ఞాపకముండును. మొదటి రెండు మాటలను మనము సభలలో వాడుదుము, మూడవది ఎవరికిని తెలియదు. కాని అది మన దేశమున జరుగనిది కాదు. కాకతి రుద్రమదేవి కాలమున, 1261 నాటి మల్కాపురశాసనమును చూడుడు. విశ్వేశ్వర శివాచార్యులు కృష్ణాతీరమున మందడమునొద్ద మఠము, విద్యాశాల, ప్రసూతిశాల, అన్నసత్రము నెలకొల్పెను. ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని శిలపై చెక్కించెను. ఆ గ్రామములకు దానపత్రము వ్రాయించుకొన్న శైవాచార్యునికి తోచిన యుక్తి, 1996లో డిగ్రీలు గల నాకు తోచలేదు.

కావున నా మనవి యిది. మన గృహమున నాల్గవవంతు స్థానములు ఇతరకులముల బొగ్గుకార్మికుల బిడ్డలకు విడువుడు. మన బిడ్డలకే చాలనప్పుడు ఇతరులకేల యని మీలో కొందఱు కోపగింతురు. అది యుక్తమైన ప్రశ్నయే, అందుకే సగమని అడుగక నాల్గవవంతని యడుగుచున్నాను. ఒప్పంద కార్మికుల బిడ్డలను మొదట జూడుడు. పర్మనెంటు కార్మికునకు క్వార్టరు గలదు, ఆసుపత్రి గలదు. ఓపెన్‌కాస్టు గనులలో కంట్రాక్టరు క్రింద పనిచేయువానికి అవి చాలవఱకు లేవు. వారు మనలోను గలరు, ఇతరులలోను గలరు.

బాలికల గృహమును ‘తరువాత చూతము’ అని వాయిదా వేయవలదు. బర్నార్డు కన్యలు అన్నదమ్ముల సంఘములు స్థిరపడువఱకు వేచియుండలేదు. ఒకే అంతస్తు కట్టుటకు డబ్బున్నచో, సగము వారికి గోడపెట్టి వేఱుద్వారముతో ఇయ్యవచ్చును.

లెక్కలు విద్యార్థులు వ్రాయవలెను. ఈ మాట పెద్దలకు రుచింపదని యెఱుగుదును. పదునెనిమిదేండ్లవాడు పప్పు ఉప్పుల లెక్క తప్పును. మూడు నెలలు తప్పిన తరువాత నేర్చుకొనును. మనము వ్రాసిన లెక్కలుకూడ తప్పుచున్నవని ఆడిటరుగారు నిరుడు చెప్పియున్నారు. పై తరగతివాడొకడు కొత్తవానికి అన్నగా నుండవలెను. నాకు మంచమిచ్చిన యన్నను ఏ నియమావళియు నియమింపలేదు గాని, నియమించినను తప్పులేదు. నెలకొక ఆదివారము మన సభ్యులు ముగ్గురు వంతులవారీగా పోయి విద్యార్థులతో అదే పంక్తిని, అదే కూరతో భుజింపవలెను. వేదికమీద శాలువలు కప్పించుకొనుటకు బోవువారు ఆ దినమున రావలదు.

దాతల పేర్లు గదులమీద చెక్కింపుడు, అభ్యంతరము లేదు. అన్నము పెట్టు శాలకు మాత్రము ఎవరి పేరును వలదు. మేస్త్రీతో మాటలాడునపుడు పునాది వంటశాలవైపునుండి మొదలిడుమని చెప్పుడు. గదులు పూర్తికాకున్నను పిల్లలు చాపలమీద పరుందురు.

నా వంతుగా ఒక నెల పింఛనును, నా యొద్దనున్న నిఘంటువులను, కావ్యములను ఇచ్చెదను. వానిని ఉంచుటకు చెదలు పట్టని ఇనుపబీరువా యొకటి ఎవరైన నిత్తురా యని యడుగుచున్నాను. నియమావళి ముసాయిదా వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిని. అందు ‘మాత్రమే’ యను పదము నాలుగవ వాక్యమున నుండెడిది, దానిని కొట్టివేసితిని. మధ్యాహ్నభోజనానంతరము అది చర్చకు వచ్చును. భోజనము చేసి వెంటనే వెడలిపోక, దయచేసి చర్చకు నిలువుడు.